బస ఎక్కడ? భారం ఎవరి మీద?

ప్రయాణాలు, బస, పర్యాటకం వల్ల ఊళ్లకు ఒరిగేది, ఊళ్లు పోగొట్టుకునేది... వీటిపై వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక్క ప్రశ్నగా కలిపాం.

ప్ర: హోటల్, గెస్ట్‌హౌస్, హోమ్‌స్టే, హాస్టల్, సర్వీస్డ్ అపార్ట్‌మెంట్... యాప్ తెరిస్తే ఏది ఏమిటో తెలియడం లేదు. పెద్దవాళ్లు, పిల్లలు కలిపి ఆరుగురం విదేశానికి వెళ్తున్నాం. ఏది మంచిది?

జ: బోర్డు మీది పేరును నమ్ముకోకండి. మూడు సంగతులు అడిగి తెలుసుకోండి. అర్ధరాత్రి ఏదైనా అవసరం పడితే పలికే మనిషి ఎవరు? వంటిల్లు ఉందా? గదికి చేరాలంటే ఎన్ని మెట్లు ఎక్కాలి?

హోటల్లో రిసెప్షన్ మామూలుగా రాత్రంతా తెరిచే ఉంటుంది. గెస్ట్‌హౌస్‌లో చాలాచోట్ల రాత్రి తొమ్మిదో పదో దాటితే ఎవరూ ఉండరు. మీ విమానం ఆలస్యమైతే తాళం ఎవరిస్తారో ముందే రాయించుకోవాలి. హోమ్‌స్టే అంటే యజమాని కుటుంబం అదే ఇంట్లో కాపురం ఉండాలి. కానీ యజమాని వేరే ఊళ్లో ఉండి, తాళంచెవి గుమ్మం పక్క డబ్బాలో పెట్టి, దాని కోడ్ మెసేజ్‌లో పంపే ఇళ్లను కూడా ఆ పేరుతోనే అమ్ముతున్నారు. అది అద్దె ఇల్లు, అంతే. గీజర్ పనిచేయకపోతే మీ గోడు ఫోన్‌కే చెప్పుకోవాలి.

ఆరుగురికి, అదీ నాలుగు రాత్రులకు మించి ఉండేట్టయితే, సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ అనువుగా ఉంటుంది. వంటిల్లు, బట్టల మెషిన్ ఉంటాయి. మనిషి వచ్చి వారానికి ఒకటి రెండుసార్లు శుభ్రం చేస్తాడు. ఒక్క రాత్రికైతే మాత్రం వద్దు. శుభ్రం చేసినందుకు వేసే రుసుము ఒక్క రాత్రి ఉన్నా, పది రాత్రులున్నా చాలాచోట్ల ఒకటే. ఆ బరువంతా ఒక్క రాత్రి మీదే పడుతుంది.

దెబ్బతినేది ఎక్కువగా ఎక్కడంటే, 'ఆరుగురు పడుకోవచ్చు' అన్న మాట దగ్గర. ఆ లెక్కలో హాల్లోని సోఫా కూడా ఇద్దరి కింద జమ అయి ఉంటుంది. మనుషుల సంఖ్య కాకుండా మంచాల సంఖ్య చూడండి. డబుల్ అంటే ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద మంచం, ట్విన్ అంటే విడివిడిగా రెండు. హోటల్లో రెండు గదులు తీసుకునేటప్పుడు 'కనెక్టింగ్ రూమ్స్' కావాలని ఆ మాటతోనే అడగండి. వాటి మధ్య లోపలినుంచి తలుపు ఉంటుంది. పక్కపక్క గదులు అని మాత్రమే అంటే ఆ తలుపు ఉండకపోవచ్చు. పిల్లలు ఒక గదిలో, మీరు వరండా దాటి ఇంకో గదిలో అవుతారు.

పెద్దవాళ్ల కోసం రెండు ప్రశ్నలు అదనంగా వేయండి. లిఫ్ట్ ఉందా? స్నానాల గదిలో తొట్టి అంచు దాటి దిగాలా, లేక నేలమీదే షవరా? యూరప్ పాతపేటల్లో ఎన్నో కట్టడాలకు లిఫ్టు ఉండదు. జపాన్‌లో ర్యోకాన్ అనే సంప్రదాయ వసతిగృహాల్లో చాప మీద పరుపు పరిచి నేలమీదే పడుకోవాలి. చూడముచ్చటగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారికి మాత్రం నరకం.

హాస్టల్ మీకు పనికిరాదని తోసిపుచ్చకండి. జర్మనీలో రిచర్డ్ షిర్‌మాన్ అనే బడిపంతులు విద్యార్థుల పాదయాత్రల కోసం మొదలుపెట్టిన ఏర్పాటు అది. 1912లో ఆల్టెనా కోటలో తొలి యూత్ హాస్టల్ వెలిసింది. ఇప్పుడు చాలా హాస్టళ్లలో నాలుగు, ఆరు పడకల గదిని కుటుంబానికి మొత్తంగా ఇస్తారు. డార్మిటరీలో ఉంటే మాత్రం సొంత తాళం వెంట ఉండాలి. లాకరు వాళ్లిస్తారు, తాళం మాత్రం మీరే తెచ్చుకోవాలి. కొక్కెం సన్నగా ఉండొచ్చు కాబట్టి లావుపాటి తాళం పట్టదు.

ప్ర: గది ధర పక్కన ఈపీ, సీపీ, ఎంఏపీ, ఏపీ అని రాస్తారు. ఏమిటవి?

జ: తిండి లెక్కలు. ఈపీ అంటే గది మాత్రమే. సీపీ అంటే గదితోపాటు ఉదయం ఫలహారం. ఎంఏపీ అంటే ఫలహారం, దానితో మధ్యాహ్నమో రాత్రో ఒక భోజనం. ఏపీ అంటే మూడు పూటలూ. రోజంతా బయట తిరిగేవారికి ఏపీ దండగ, మధ్యాహ్నం భోజనానికి తిరిగి రాలేరు. కొండ మీదో అడవిలోనో చుట్టుపక్కల ఇంకేమీ దొరకని రిసార్టులో ఈపీ తీసుకుంటే మాత్రం ఇరుక్కుంటారు. అక్కడ విడిగా కొనే భోజనం ధర వాళ్లిష్టం.

ప్ర: ఖరీదైన హోటల్లో ఉన్నా నల్లులు ఇంటికొచ్చాయని స్నేహితురాలు చెప్పింది. గదిలో ఉన్నాయో లేదో ముందే తెలుసుకోగలమా?

జ: తెలుసుకోవచ్చు. పెట్టెలు మంచం మీద పెట్టకముందే పది నిమిషాలు కేటాయించాలి. హోటల్ ఎన్ని నక్షత్రాలదన్నది నల్లికి పట్టదు. మనుషులు మారుతున్న కొద్దీ పెట్టెల్లో వస్తుంది, పెట్టెల్లో పోతుంది.

లోపలికి వెళ్లగానే సామాను స్నానాల గదిలో, టైల్స్ మీద పెట్టండి. ఫోన్ టార్చ్ వేసి తలవైపు దుప్పటి ఎత్తి పరుపు మూలలు చూడండి. అంచు చుట్టూ తాడులా ఉబ్బి ఉండే కుట్టు ఉంటుంది కదా, దాన్ని వేలితో వెనక్కి మడిచి చూడాలి. ఎదిగిన నల్లి 4–5 మిల్లీమీటర్లు, గోధుమరంగు, చదునుగా ఉంటుంది. పిల్లలు దాదాపు పారదర్శకంగా ఉంటాయి, సులభంగా కనపడవు. అందుకే నల్లి కంటే దాని ఆనవాళ్లు వెతకడం మేలు. పెన్ను మొన ఆనించినట్టు నల్లటి చుక్కలు గుంపుగా ఉంటాయి. తడి గుడ్డతో రుద్దితే ఆ చుక్క సిరాలా అలుక్కుంటుంది, మామూలు మురికి అలా అలుక్కోదు. తర్వాత మంచం తలవైపు చెక్క వెనకా, స్క్రూ రంధ్రాల్లో, పక్కనున్న చిన్న బల్ల సొరుగు కీళ్లలో చూడండి.

కనబడితే ఫోటో తీసి గది మార్చమని అడగండి. పక్క గది, సరిగ్గా పైగది, కిందిగది ఇస్తామంటే ఒప్పుకోవద్దు. గోడల సందుల్లోంచి, వైర్ల గొట్టాల్లోంచి అవి అటే పాకుతాయి. ఇంటికొచ్చాక బట్టలు 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకడమో, డ్రైయర్‌లో బాగా వేడి పెట్టి అరగంట తిప్పడమో చేయాలి. వేడి పడనివి సంచిలో కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి. కొంత ఊరట ఏమిటంటే, నల్లి కుడితే దురదే తప్ప రోగాలు అంటుకున్న దాఖలాలు లేవు.

ప్ర: పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చే ఇళ్ల వల్ల ఊళ్లో అద్దెలు పెరుగుతాయంటారు. మేము వారం రోజులు ఒక ఇల్లు తీసుకుంటే ఎవరికో ఇల్లు లేకుండా పోతుందా?

జ: మీ ఒక్కరి వారంతో ఏమీ కాదు. యజమాని వేసుకునే లెక్కతో అవుతుంది. నెల అద్దెలో పదో వంతు ఒక్క రాత్రికి వస్తోందనుకోండి. నెలకు పది రాత్రులు నిండితే అద్దె డబ్బు వచ్చేసినట్టే, ఆపైన అంతా మిగులు. అలాంటప్పుడు కాపురం ఉండేవాళ్లకు ఏడాది ఒప్పందం మీద ఇల్లు ఎవరిస్తారు? సముద్రం పక్కనో పాతకోట చుట్టూనో ఉన్న నాలుగు వీధుల్లో అందరూ ఇదే లెక్క వేస్తే అక్కడి బడికి పిల్లలుండరు, కిరాణా కొట్టు స్థానంలో జ్ఞాపికల దుకాణం వెలుస్తుంది.

అమెరికా ఇళ్ల మీద చేసి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక ప్రాంతంలో ఇలాంటి ఇళ్ల ప్రకటనలు 1 శాతం పెరిగితే అద్దెలు 0.018 శాతం పెరిగినట్టు తేలింది. అంకె చిన్నదే. కానీ ప్రకటనలు పెరిగింది ఒక శాతమో రెండు శాతమో కాదు, కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లు. అదే అధ్యయనంలో ఇంకో సంగతీ ఉంది. యజమానులు సొంత ఇళ్లలో నివసించే వాటా తక్కువగా ఉన్నచోట ఈ ప్రభావం ఎక్కువ. అసలు కీలకం అదే. తాము ఉంటున్న ఇంట్లో ఒక గది ఇచ్చేవాళ్లు ఊరినుంచి ఇంటిని లాక్కోవడం లేదు. ఇల్లంతా ఏడాది పొడవునా పర్యాటకులకే పెట్టినవాళ్లు లాక్కుంటున్నారు.

నగరాలు తెస్తున్న నిబంధనలు కూడా ఈ గీత దగ్గరే తిరుగుతున్నాయి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి కచ్చితంగా అమలవుతున్న రూలు ప్రకారం 30 రోజుల్లోపు బసకు ఇస్తే ఇల్లిచ్చేవారు రిజిస్టరు చేసుకుని ఉండాలి, అదే ఇంట్లో ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో సొంత ఇల్లు మొత్తంగా ఇవ్వాలంటే ఏడాదికి 30 రాత్రులకు మించకూడదు. బార్సిలోనా ఇంకా ముందుకెళ్లింది. అక్కడున్న 10,101 టూరిస్టు అపార్ట్‌మెంట్ల లైసెన్సులను పొడిగించబోమని, 2028 నవంబరుకల్లా అవి ముగుస్తాయని 2024 జూన్‌లో మేయర్ ప్రకటించారు. మా దృష్టిలో మొదటి రెండు పద్ధతులే న్యాయంగా ఉన్నాయి. అన్నిటినీ ఒకే గాటన కడితే ఇంట్లో ఖాళీ గది ఇచ్చుకుని బతికే ముసలమ్మ కూడా నష్టపోతుంది.

మీరు చేయగలిగినదల్లా ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడటం, ఇల్లిచ్చేవారి పేరు మీద నొక్కి వాళ్లకు ఎన్ని ఇళ్లున్నాయో చూడటం. ఇరవై ఇళ్లుంటే అది కుటుంబం కాదు, కంపెనీ. నంబరు లేని ఇల్లయితే ఊరి సంగతి అటుంచి మీకే ముప్పు. తనిఖీ జరిగితే మధ్యలో ఖాళీ చేయాల్సి రావచ్చు.

ప్ర: బీచ్‌లను, దీవులను నెలల తరబడి మూసేస్తున్నారు. మూస్తే నిజంగా బాగుపడతాయా, లేక కంటితుడుపేనా?

జ: మూయడం సులువు. తెరిచిన రోజున ఏం మారిందన్నదే అసలు ప్రశ్న. రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూడండి.

థాయ్‌లాండ్‌లోని మాయా బే చిన్న తీరం. ఒక సినిమా వల్ల పేరొచ్చాక రోజుకు 5,000 మంది దాకా వచ్చేవారు. పడవలు నేరుగా ఇసుక ఒడ్డుకే వచ్చేవి. పగడాలను చంపింది జనం ఒక్కరే కాదు. లంగర్లు విరగ్గొట్టాయి, ప్రొపెల్లర్లు లేపిన బురద వాటి మీద పేరుకుని వెలుగు అందకుండా చేసింది. 2018 జూన్‌లో మూసి, 2022 జనవరిలో తెరిచారు. ఈ మధ్యకాలంలో పగడాలు నాటారు, నల్లమొన రెక్కల షార్కులు తిరిగొచ్చాయి. తెరిచాక పడవలను బే లోకి రానివ్వడం లేదు. దీవి వెనకవైపు రేవులో దిగి చెక్కబాట మీద నడిచి రావాలి. ఒక్కో విడతకు ఇంతమందే అని పరిమితి పెట్టారు, ఈతకు అనుమతి లేదు, ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మళ్లీ మూస్తున్నారు. ఇక్కడ మార్చింది పడవ దారిని. ఆ ఒక్క మార్పే ఎక్కువ మేలు చేసిందని మా అంచనా.

ఫిలిప్పీన్స్‌లోని బొరాకే కథ వేరు. అక్కడ సమస్య చూడటానికొచ్చేవాళ్లతో కాదు, పడుకునే గదులతో. హోటళ్ల మురుగునీరు శుద్ధి కాకుండానే సముద్రంలోకి పోయేది. తీరానికి 30 మీటర్ల లోపు కట్టకూడదన్న నిబంధనను కాదని కట్టిన భవనాలెన్నో. 2018 ఏప్రిల్ 26న దీవినే మూసి అక్టోబరు 26న తెరిచారు. రోజుకు 6,405 మంది పర్యాటకులు రావచ్చు, ఒక సమయంలో దీవిపై 19,215 మందికి మించకూడదు అని లెక్క కట్టారు. రెండో అంకెను మొదటిదానితో భాగించండి, సరిగ్గా మూడు. అంటే వచ్చినవారు సగటున మూడు రోజులుంటే సరిపోయే లెక్క. అనుమతి ఉన్న హోటల్లో గది బుక్ అయి ఉంటేనే దీవికి రానిచ్చారు. మురుగు పైపు సరిగా లేని హోటల్‌కు అనుమతి రాదు, అనుమతి లేకపోతే అతిథి రాడు. కాగితం మీద చక్కటి ఏర్పాటు. ఇలాంటివి బెడిసికొట్టేదెప్పుడంటే, పండగ సెలవుల్లో రోజువారీ పరిమితి దాటినా చూసీచూడనట్టు వదిలేసినప్పుడు.

మూసినా బాగుపడనివీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహలో ఆదిమానవుల బొమ్మలు 1940లో బయటపడ్డాయి. 1948లో జనానికి తెరిచారు, 1955 నాటికి రోజుకు 1,200 మంది దాకా వచ్చారు. వాళ్లెవరూ గోడలను ముట్టుకోనక్కర్లేదు, ఊపిరి చాలు. వదిలిన కార్బన్ డయాక్సైడ్, తేమ, ఒంటి వేడి, కరెంటు దీపాలు కలిసి గోడలపై ఆకుపచ్చటి నాచు, తెల్లటి సున్నపు పొర పుట్టించాయి. 1963లో మూసేశారు, ఇప్పటికీ తెరవలేదు. పక్కనే నకలు గుహ కట్టి 1983 నుంచి చూపిస్తున్నారు. నకలును చూడటం దండగ అనేవారికి మా జవాబు ఒకటే: అసలు గుహలో మీరు నిలబడితే ఆ బొమ్మలు ఉండవు.

ప్ర: వెనిస్‌లో ఊళ్లోకి రావడానికే టికెట్ పెట్టారట కదా! దానివల్ల రద్దీ తగ్గిందా?

జ: తగ్గిందని చెప్పలేం. 2024లో రద్దీ ఎక్కువుండే 29 రోజులకు 5 యూరోలు పెట్టారు. 2025లో రోజులను 54కు పెంచి, ఆలస్యంగా బుక్ చేసేవారికి 10 యూరోలు చేశారు. అంత దూరం వచ్చినవాడు ఐదు యూరోలకు వెనక్కి తిరగడు. అయినా దాని రూపకల్పనలో ఒక తెలివి ఉంది. ఊళ్లో రాత్రి బస చేసేవారికి ఈ రుసుము లేదు, ఎందుకంటే హోటల్ బిల్లులోనే వాళ్లు పన్ను కడుతున్నారు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారే కట్టాలి. వాళ్లు వాడే వీధి, మరుగుదొడ్డి, చెత్తడబ్బా అవే. ఊరికి మిగిల్చేది మాత్రం ఒక కాఫీ, ఒక అయస్కాంతపు బొమ్మ. పాతనగరంలో 1951లో దాదాపు 1,75,000 మంది ఉండేవారు, 2022లో 50,000 లోపుకు వచ్చారు. ఈ వలస టికెట్‌తో ఆగేది కాదు. అక్కడ గట్టిగా పనిచేసిన నిర్ణయం వేరే. 25,000 టన్నులు దాటిన క్రూయిజ్ ఓడలను 2021 ఆగస్టు నుంచి ఊరి మధ్య కాలువలోకి రానివ్వడం లేదు.

జనాన్ని తగ్గించే రుసుము ఎలా ఉంటుందో భూటాన్‌లో చూడొచ్చు. 2023 సెప్టెంబరు నుంచి, భారతీయులు కాక మిగతా విదేశీయులకు రాత్రికి 100 డాలర్లు, అంతకుముందు 200. అయితే అలాంటి పద్ధతి ఊరి చుట్టూ గేటు పెట్టగల చోటే సాధ్యం. అదీగాక డబ్బున్నవాడికే లోకం చూసే హక్కు అన్న విమర్శకు జవాబు లేదు.

ప్ర: 'ఎకో రిసార్ట్' అని రాసుకున్న ప్రతిదీ నిజమేనా? ఎలా పట్టుకోవాలి?

జ: చాలావరకు రంగు పూతే. తువ్వాలు మళ్లీ వాడమని కార్డు పెట్టడం వల్ల చాకలి ఖర్చు మిగిలేది హోటల్‌కే, మంచిదే, కానీ దాన్ని పర్యావరణ సేవగా లెక్కవేయకండి. మెయిల్‌లో ఈ ప్రశ్నలు పంపండి. మరుగుదొడ్ల నీళ్లు ఎక్కడికి పోతాయి? తాగునీళ్లు, ఈతకొలను నీళ్లు ఎక్కడివి? తడిచెత్త ఏం చేస్తారు? పనివాళ్లలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎందరు, వాళ్లలో మేనేజర్ స్థాయిలో ఎవరైనా ఉన్నారా? సరిగ్గా నడిపేవాళ్లు వివరంగా రాస్తారు. మిగతావాళ్లు 'ప్రకృతి ఒడిలో' అంటూ బ్రోషర్ పంపుతారు.

తీరంలో ఉన్న రిసార్టయితే నీళ్ల ప్రశ్న వదలొద్దు. బోరు వేసి తీపినీళ్లను అతిగా తోడితే ఆ ఖాళీలోకి సముద్రపు నీరు చొరబడుతుంది. ముందు ఉప్పబారేది పక్క పల్లె బావులు. రాత్రిపూట తీరంవైపు దీపాలూ చూడండి. తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటపడగానే ఎక్కువ వెలుగున్న దిక్కుకు నడుస్తాయి. సహజంగా అది సముద్రం. ఫ్లడ్‌లైట్లు పెడితే అవి హోటల్ వైపు నడిచి చస్తాయి. పైకి కప్పు వేసి కిందికి దించిన ఎర్రటి, కాషాయపు దీపాలు పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలుసన్నమాట.

సర్టిఫికెట్ల విషయంలో గ్లోబల్ సస్టెయినబుల్ టూరిజం కౌన్సిల్ పేరు కనిపిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ సంస్థ హోటళ్లకు నేరుగా సర్టిఫికెట్ ఇవ్వదు, ఇచ్చే సంస్థలకు గుర్తింపునిస్తుంది. కాబట్టి ఎవరిచ్చారు, గడువు ఎప్పటిదాకా అని అడగాలి.

ప్ర: రువాండాలో గొరిల్లాలను చూడటానికి 1,500 డాలర్లా? పైగా జలుబుంటే రానివ్వరట!

జ: అవును, గంటసేపే, ఒక గుంపు దగ్గరికి రోజుకు ఎనిమిది మందే. మన జలుబు వాటికి ప్రాణాంతకం కాగలదు. దగ్గరి బంధువులు కాబట్టి మన శ్వాసకోశ జబ్బులు తేలిగ్గా అంటుకుంటాయి, వాటికేమో ఆ రోగనిరోధకశక్తి లేదు. ఆ ఆదాయంలో 10 శాతం పార్కు చుట్టూ ఉన్న ఊళ్లకు పోతుంది. పంట తొక్కే అడవి జంతువును పొరుగువాడు ఓర్చుకోవాలంటే అతనికీ ఏదో దక్కాలి. ఒంట్లో బాగాలేకపోతే దాచకండి. డబ్బు వాపసు, తేదీ మార్పు నిబంధనలు పర్మిట్ కొనేటప్పుడే చదివి ఉంచుకోండి.

ప్ర: టూరిజం డిగ్రీ చదువుతున్నాను. పర్యాటకం పెరిగేకొద్దీ ఊరు ఎలా మారుతుందో చెప్పే బట్లర్, డాక్సీ నమూనాలు రెండూ ఒకటే చెబుతున్నట్టు ఉన్నాయి.

జ: బట్లర్ (1980) చెప్పేది చోటు గురించి. అది వరుసగా దాటే దశలు ఇవి: అన్వేషణ, స్థానికుల ప్రమేయం, అభివృద్ధి, స్థిరపడటం, స్తబ్ధత, ఆపైన క్షీణించడమో తేరుకోవడమో. డాక్సీ (1975) చెప్పేది అక్కడి మనుషుల మనసు గురించి. పర్యాటకులు పెరిగేకొద్దీ అది ఈ వరుసలో మారుతుంది: సంబరం, పట్టనితనం, చిరాకు, వ్యతిరేకత. పరీక్షలో మార్కులొచ్చేది విమర్శ రాస్తే. డాక్సీ ఊరంతటికీ ఒకే మూడ్ అంటగట్టాడు. నిజానికి ఒకే వీధిలో హోటల్ యజమాని సంబరంలో, పైవాటాలో అద్దెకున్నవాడు వ్యతిరేకతలో ఒకే రోజున ఉండగలరు.

ప్ర: డబ్బంతా కట్టి వెళ్తే రిసెప్షన్‌లో 'గది లేదు' అన్నారు. చివరికి యాప్‌లో క్యాన్సిల్ చేసి వేరేచోట ఎక్కువ పెట్టి ఉన్నాం. వాపసు రాలేదు. ఏం చేసి ఉండాల్సింది?

జ: క్యాన్సిల్ మీరు నొక్కకుండా ఉండాల్సింది. ఆ మీట నొక్కిన క్షణం నుంచి రికార్డులో తప్పుకున్నది మీరు, హోటల్ కాదు. కొందరు రాకుండా పోతారని లెక్కేసుకుని హోటళ్లు ఉన్నవాటికంటే ఎక్కువ గదులు అమ్ముతాయి. అందరూ దిగితే చివర వచ్చినవారికి ఎసరు. అలాంటప్పుడు కౌంటర్ దగ్గరినుంచి కదలకుండా యాప్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి హోటల్‌వాళ్లతో మాట్లాడించండి. అదే స్థాయి లేదా అంతకంటే మంచి హోటల్లో గది, అక్కడికి వాహనం, ధరలో తేడా వాళ్లే భరించాలని అడగండి. పేరున్న హోటళ్లకు ఇది మామూలు పద్ధతే. ఒప్పుకోకపోతే 'గది ఇవ్వలేకపోయాం' అని వాళ్లచేత మెయిల్ పెట్టించుకోండి, లేదా యాప్ చాట్‌లో రాయించండి. వాపసుకు ఆ ఒక్క వాక్యమే ఆధారం.

మరొకటి, చాలామందికి తెలియనిది: మూడు రాత్రులు బుక్ చేసి మొదటి రాత్రి చేరలేకపోతే, చెప్పకపోయినందుకు మిగతా రెండు రాత్రులూ రద్దు చేసే హోటళ్లున్నాయి. రైలు ఆలస్యమైతే స్టేషన్ నుంచే 'రేపు వస్తున్నాం, గది అట్టే ఉంచండి' అని రాసి పెట్టండి.